ప్రెసిడెంటు గారికి నేను ఎదురు రాని పొద్దున

"రేపు పొద్దున ఎనిమిదింటికి ప్రయాణం. మీరు బయటికి వస్తారు కదా?" అని అడిగారు ప్రెసిడెంటు గారు. నాకు అర్థం కావాలని ఇంగ్లీషుని ఒక్కో మాటా విడదీసి, చేత్తో మా వాకిలి చూపించి మరీ అడిగారు.

"ఎస్ సార్, కమ్" అన్నాను నేను.

మా ఇద్దరి మధ్యా అవే ఆఖరి మాటలు. తెల్లారి నేను బయటికి వెళ్ళలేదు. ఆయన తిరిగి రాలేదు.

ఇది రాస్తున్నది నా కోడలు. ఆదివారం మధ్యాహ్నం, అంట్లు మిషన్లో వేసి, లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. నేను చెబుతుంటే తను కొడుతోంది. నాకు సంతకం వచ్చు, బస్సు మీద బోర్డు కూడబలుక్కోవడం వచ్చు, అంతకుమించి రాదు. నా గొంతు ఇలా గీరుకుపోయి ఉండేది జలుబు వల్ల కాదు. ముప్పై ఏళ్ళు గుంటూరు దగ్గర మిరప కల్లాల్లో కాయలు ఏరాను. ఆ ఘాటు గొంతులోకి దిగి అక్కడే కాపురం పెట్టింది. ఫోన్లో నన్ను అందరూ మగమనిషి అనుకుంటారు.

ప్రెసిడెంటు గారు ఇక్కడ అమెరికాలో, ప్లేనో అనే ఊళ్ళో మా పక్కింటాయన. రెండు పెరళ్ళకీ మధ్య చెక్క కంచె. మెక్సికో దాటాక, ఇంకా కిందికి, మధ్య అమెరికాలో ఒక చిన్న దేశం ఉంది. దానికి ఆయన నాలుగేళ్ళు ప్రెసిడెంటుగా చేశారు. తర్వాత పదవీ దేశమూ వదిలి, ఇక్కడ కూతురి దగ్గర ఉండేవారు. ఆ దేశం పేరు గానీ ఆయన పేరు గానీ నేను చెప్పను. నా మాటల వల్ల ఎవరికీ ఇబ్బంది రాకూడదు.

మొన్న ఆయన కూతురు వచ్చింది. తండ్రిని ఎరిగినవాళ్ళందరి దగ్గరా తలో నాలుగు మాటలు తీసుకుని పుస్తకం చేస్తోందట. నన్నూ చెప్పమంది. నేను ఏం చెప్పగలను అమ్మా అన్నాను. అప్పుడు ఆ పిల్ల తలొంచుకుని ఒక సంగతి చెప్పింది. ఆయన తన దేశం వెళ్ళి అక్కడ ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండుసార్లు నా ఊసు తెచ్చారట. ఆవిడ ఎందుకు బయటికి రాలేదు, ఆవిడక్కూడా నా మొహం చూడాలనిపించలేదేమో అన్నారట.

అది అబద్ధం. ఆ అబద్ధాన్ని నమ్మి ఆయన పోయారు. అందుకని చెబుతున్నాను, రాయి అమ్మాయ్.

మా ఆయన పోయిన తర్వాత వచ్చిన మొదటి ఎండాకాలంలో ప్రెసిడెంటు గారిని నేను తిట్టాను. అప్పటికి ఆయన ఎవరో నాకు తెలియదు. ముందు వాకిట్లో, కారు పెట్టుకునే సిమెంటు మీద, పాత దుప్పటి పరిచి ఎర్రటి మిరపకాయలు ఆరబోశారు. తన కుండీల్లో కాసినవే. నా కాళ్ళు వాటంతటవే అటు నడిచాయి. చూద్దును కదా, ప్రతి కాయకీ తొడిమ తీసేసి ఉంది. పచ్చిమీద తొడిమ తీసి ఎండబెడితే కాయ లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. మా దగ్గర పసిపిల్లనడిగినా చెబుతుంది. నేను రెండు కాయలు చేతిలోకి తీసుకుని, తొడిమ ఉన్నది, లేనిది చూపించి, "నో సార్, నో సార్" అని అరిచాను. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డారు. స్కూలు బస్సు దిగి వస్తున్న మా మనవరాలిని పట్టుకుని చెప్పించాను. హైస్కూల్లో అది స్పానిష్ చదువుతోంది, ఆయన భాషా అదే.

"తొడిమ తీసిన కాయా తలుపు తీసిన ఇల్లూ ఒకటే, ఏదైనా దూరుతుందని చెప్పవే."

అది ఎలా చెప్పిందో ఏమో, ఆయన కడుపు పట్టుకుని నవ్వారు. ఏదో అన్నారు. "నాయనమ్మా, ఆయన మినిస్టర్స్ ఎవరూ ఆయన్ని ఇలా తిట్టలేదంట" అంది పిల్ల. మినిస్టర్లేంటే అన్నాను. అప్పుడు చెప్పింది.

నేను నమ్మలేదు. మా ఊళ్ళో నేను చూసినది పంచాయతీ ప్రెసిడెంటుని. ఆయన బుల్లెట్ మీద వస్తుంటే కుక్కలు కూడా పక్కకి తప్పుకునేవి. ఈయన చూస్తే తన చెత్తడబ్బా తనే తోసుకుంటూ, దారిన పోయే అందరికీ తనే ముందు చెయ్యి ఊపే మనిషి. వారం తిరక్కుండా కాలనీ అసోసియేషన్ నుంచి ఆయనకి ఉత్తరం వచ్చింది, ముందు వాకిట్లో తిండి వస్తువులు ఎండబెట్టకూడదని. దేశాన్ని ఏలిన మనిషి ఆ కాగితం నాకు చూపించి, ఇలాంటి ఉత్తరాలు నేనూ చాలా పంపాను, ఇప్పుడు అందుకుంటున్నాను అన్నారు. కాయల్ని పెరట్లోకి మార్చాం. తొడిమలతోనే.

అప్పట్నుంచి మూడు ఎండాకాలాలు, సాయంత్రం నాలుగింటికి నేను కంచె తలుపు తీసుకుని వాళ్ళ పెరట్లోకి వెళ్ళేదాన్ని. ఆయన నన్ను సెన్యోరా అనేవారు, అంటే అమ్మగారు అని. మనవరాలు ఉన్న రోజు కబుర్లు. లేని రోజు ఆయన నలభై ముక్కల ఇంగ్లీషు, నా నలభై ముక్కల ఇంగ్లీషు. అవీ ఇవీ ఒకే నలభై కాకపోవడంతో మధ్యలో చేతులు ఊపుకోవడం. నేను గిన్నెలో పులిహోర పట్టుకెళ్తే ఆ గిన్నెలో అరిటాకులో చుట్టిన మొక్కజొన్న పిండి ముద్దలు పెట్టి పంపేవారు. మొదటిసారి మాత్రం కోడలు అడ్డం పడింది. లోపల పంది మాంసం ఉంటుందేమో అడగండి అత్తయ్యా అని. ఉంది. తర్వాత నుంచి నాకోసం చిక్కుడు గింజలతో చేయించేవారు.

ఆయన బతుకు నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. తల్లి కాఫీ తోటల్లో పళ్ళు కోసేది. నడుముకి బుట్ట కట్టుకుని కొండవాలున నిలబడి కోయాలట. పైకొమ్మలు తల్లివి, కిందికొమ్మలు ఈయనవి. ఐదేళ్ళప్పుడు. బడి కొండ దిగితే ఉంది, కాబట్టి పొద్దున దిగి సాయంత్రం ఎక్కేవారు. ఆ ఇంట్లో అక్షరం నేర్చిన మొదటి మనిషి ఆయనే. పెద్దయ్యాక అలాంటి కొండ మీదే ఒంటిగది బళ్ళో పంతులయ్యారు. పగలు పిల్లలకి, ఆదివారాలు వాళ్ళ తల్లులకి చదువు చెప్పేవారు. పంతుళ్ళ సమ్మె చేయించి ఎనిమిది నెలలు జైల్లో ఉన్నారు. ఇంగ్లీషు అక్కడే నేర్చుకున్నారట, ఒక నిఘంటువు ముందేసుకుని. అట్ట చిరిగి సగం పోయిన నిఘంటువు కావడంతో కొన్ని అక్షరాలతో మొదలయ్యే మాటలు తనకి ఇప్పటికీ రావని చెప్పి నవ్వేవారు.

ప్రెసిడెంటు ఎలా అయ్యారు అని అడిగాను. పెద్దవాళ్ళు ఇద్దరు కొట్టుకున్నారు, ఎవరికీ భయం కలిగించని మనిషి కావాల్సి వచ్చింది, పంతులైతే పోయేదేముంది అనుకున్నారు అన్నారు. కానీ పోయింది వాళ్ళకి. ఎందుకంటే ఆయన రాగానే కాటాల చట్టం తెచ్చారు. తోటల్లో కాఫీ తూచే కాటా ముల్లు కోసిన మనిషికి కనబడేట్టు తిప్పి పెట్టాలి. అంతే చట్టం.

మా కల్లంలో కాటా ముల్లు ఎప్పుడూ షావుకారు వైపే తిరిగి ఉండేది. ఆయన చెప్పిందే తూకం. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆ ముల్లు మొహం నేను చూడలేదు. ఈ మనిషి మాకు ప్రెసిడెంటు అయి ఉంటే బాగుండేది అనుకున్నాను. ఆ మాట మనవరాలి చేత ఆయనకి చెప్పించాను కూడా. ఆయన నవ్వలేదు. నా గురించి మీకు అంతా తెలియదు సెన్యోరా అన్నారు.

మూడో ఏడు తెలిసింది. ఒక శనివారం పొద్దున వాళ్ళింటి ముందు కాలిబాట మీద పదిమంది నిలబడ్డారు. ఆ దేశం వాళ్ళే, ఈ చుట్టుపక్కల పనులు చేసుకుంటున్నవాళ్ళు. అరవలేదు, తిట్టలేదు. తలా ఒక ఫోటో గుండెకి పట్టుకుని ఊరికే నిలబడ్డారు. ఒకామె నా వయసుది, ఆమె చేతిలో ఆడపిల్ల ఫోటో. ఎండ మండిపోతోంది. నేను నీళ్ళ సీసాలు పట్టుకెళ్ళి ఇచ్చాను. మా అబ్బాయి కిటికీలోంచి చూసి, లోపలికొచ్చాక కోప్పడ్డాడు. ఆయన మీద కేసు ఉందమ్మా, మనకెందుకు, అటూ వెళ్ళొద్దు ఇటూ వెళ్ళొద్దు అన్నాడు. ఆ రోజు నుంచి వీధిలో వాళ్ళు కూడా ప్రెసిడెంటు గారికి చెయ్యి ఊపడం మానేశారు. ఆయన ముందు వాకిట్లోకి రావడం మానేశారు.

నేను మూడు రోజులు ఆగి కంచె తలుపు తీశాను. మనవరాలిని వెంటబెట్టుకునే వెళ్ళాను. అడక్కుండానే ఆయన చెప్పారు. ఆయన పదవిలో ఉన్న నాలుగో ఏడు రోడ్డు పనివాళ్ళు పెద్ద రోడ్డుకి అడ్డం కూర్చున్నారట. ఐదు రోజులు. ఆసుపత్రి బండ్లు ఆగిపోయాయి, రోడ్డు తెరిపించమని సైన్యం వాళ్ళు కాగితం తెచ్చారు. మూడే వరుసలు. తుపాకుల మాట అందులో లేదు. ఈయన సంతకం పెట్టారు. ఆరుగురు చచ్చిపోయారు. అందులో ఒకతను ఆ ఒంటిగది బళ్ళో ఈయన దగ్గర అక్షరాలు దిద్దినవాడు.

మనవరాలు చెబుతూ చెబుతూ ఆగిపోయింది. నేను దాని చెయ్యి పట్టుకున్నాను.

"ఎలా తెరుస్తారు అని అడగలేదంట, నాయనమ్మా. 'అడగాలి. నేను అడగలేదు' అని అదే మళ్ళీ మళ్ళీ అంటున్నాడు."

నాకు చట్టాలు తెలియవు. తప్పు ఎంత, శిక్ష ఎంత అనేది నాకు తెలియదు. నాకు తెలిసింది ఒకటే, అదే అడిగాను.

"పలకరింపుకి వెళ్ళారా అని అడుగు."

పిల్లకి ఆ మాట స్పానిష్‌లో దొరకలేదు. విడమరిచి చెప్పాను. మనిషి పోయిన ఇంటికి వెళ్తాం. ఎంత గొడవలు ఉన్నా వెళ్తాం. ఏమీ అనక్కర్లేదు, ఊరికే వాళ్ళ దగ్గర కూర్చుని వస్తాం. వచ్చేటప్పుడు వెళ్ళొస్తానని అనం, ఎందుకంటే అలాంటి పని మీద ఆ ఇంటికి మళ్ళీ రాకూడదు కాబట్టి. చెప్పకుండా లేచి వచ్చేస్తాం. ఆయన అంతా విని, వెళ్ళలేదు అని తలూపారు. ఆ వారంలోనే పదవి వదిలి దేశం దాటేశారు. ఇన్నేళ్ళయింది, ఇప్పుడు వెళ్తే ఏమనుకుంటారు అన్నారు.

"ఆలస్యంగా వచ్చాడనుకుంటారు. రాలేదని అనుకోరుగా" అన్నాను.

కోడలా, ఇది నేను అన్న మాటే. కొట్టు. దీన్ని దాచొద్దు.

రెండు నెలలకి ఆయన టికెట్ బుక్ చేయించారు. కోర్టుకి వెళ్ళి, సంతకం నాదే, అడగకుండా పెట్టాను అని చెబుతానన్నారు. ముందు మాత్రం ఆ ఆరిళ్ళకీ వెళ్తానన్నారు. కూతురు ఏడ్చింది, లాయర్లు వద్దన్నారు. ఆయన వినలేదు. ప్రయాణం ముందు రోజు సాయంత్రం కంచె దగ్గరకొచ్చి నన్ను అడిగినదే నేను మొదట చెప్పిన మాట. మీరు బయటికి వస్తారు కదా అని. వీధి వీధంతా మొహం తిప్పుకున్నప్పుడు ఒక్క మనిషి ఎదురుగా నిలబడి సాగనంపాలని ఆయన కోరిక. అది నాకు ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు ఎస్ అని తలూపాను, ఇంట్లోకి వచ్చాక నాకు ఇంకోటి గుర్తొచ్చింది.

నేను మొగుడు పోయిన దాన్ని. బయల్దేరే మనిషికి నేను ఎదురు రాకూడదు.

కోడలు ఇక్కడ నావైపు చూస్తోంది. చూడు. నువ్వు ఆ రోజు కూడా ఇలాగే చూశావు. ఇది నాకు ఎవరో పుస్తకంలోంచి చెప్పింది కాదు. మా ఆయన కల్లానికి బయల్దేరేటప్పుడు మా అత్తని నేనే లోపలికి పంపేదాన్ని. ఆమె అరుగు మీద కూర్చుని ఉంటే, అత్తా కాస్త లోపలికి పో, ఆయన బయల్దేరుతున్నాడు అని. ఒక్కనాడు కూడా ఆమె మాట అనలేదు, చేతికర్ర తీసుకుని లోపలికి పోయేది. ఇక్కడ మా ఆయన పోయాక, ఈ ఊళ్ళోనే ఒకరింట్లో గృహప్రవేశానికి వెళ్ళాం. గుమ్మం దగ్గర నిలబడితే ఒక ఆంటీ నవ్వుతూ, పెద్దమ్మా, లోపల ఏసీలో కూర్చోండి, ఇక్కడ వేడిగా ఉంది అంది. వేడి సంగతి నాకు తెలుసు. చేతికర్ర ఒక్కటే తక్కువ, నేనూ లోపలికి పోయాను.

ఆయనకీ భార్య లేదు, పోయి చాలా ఏళ్ళయింది. ఆయన ఎవరికి ఎదురొచ్చినా ఎవరూ ఆగి వెనక్కి వెళ్ళలేదు. ఈ ముక్క అప్పుడు నాకు తట్టలేదు.

ఆ ప్రయాణం నా మాట మీద కట్టుకున్నది. చెడ్డ ప్రయాణం కాకూడదు. అందుకని పొద్దున్నే తలస్నానం చేసి, దేవుడి దగ్గర దీపం పెట్టి, కోడలిని బతిమాలాను. నువ్వు పుణ్యస్త్రీవి, ఆఫీసు కాల్ తర్వాత చేసుకోవచ్చు, ఒక చెంబు నీళ్ళతో ఎదురు వెళ్ళమ్మా అని. "అత్తయ్యా, ఆయన పిలిచింది మిమ్మల్ని" అంది. అయినా వెళ్ళింది. చెంబు చేతికిస్తే సిగ్గేసిందేమో, కాఫీ కప్పులో నీళ్ళు పోసుకుని వెళ్ళింది.

నేను బట్టలుతికే గదిలో నిలబడ్డాను. దానికి కిటికీ లేదు. కారు స్టార్ట్ అయిన చప్పుడు విన్నాను. పోలేదు. అలాగే ఉంది. తర్వాత మా ఇంటి బెల్లు మోగింది. ఒకసారి. కాసేపటికి ఇంకోసారి. ఆయనే అని తెలుసు. తలుపు తీస్తే గడప మీద ఆయన, ఎదురుగా నేను. నా చేతులు వాషింగ్ మిషన్ని పట్టుకున్నాయి. మూడోసారి బెల్లు మోగలేదు. కారు వెళ్ళిపోయింది.

కోడలు లోపలికొచ్చి ఒక కాగితం సంచీ బల్ల మీద పెట్టింది. లోపల ఎండు మిరపకాయలు. ఒక్క కాయకీ తొడిమ తీయలేదు.

మా తలుపు బెల్లుకి కెమెరా ఉంది. ఎవరు వచ్చినా మా అబ్బాయి ఫోన్లో పడుతుంది. మనవరాలు అది నాకు చూపించింది, ఆయన పోయిన కబురు తెలిశాక. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డారు. "సెన్యోరా?" అన్నారు తలుపుతో. వెనక మా కోడలు ఏదో చెబుతోంది, బాత్రూంలో ఉన్నారు అని చెప్పిందట, ఇంకేం చెబుతుంది పాపం. ఆయన కాసేపు గుమ్మం వైపు చూసి, టోపీ పెట్టుకుని, మెట్టు దిగి వెళ్ళిపోయారు. ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో.

అక్కడ ఆయన నాలుగిళ్ళకి వెళ్ళగలిగారట. ఐదో ఇంటికి వెళ్ళేలోపు గుండె జబ్బు ముదిరి ఆసుపత్రిలో పడ్డారు. కోర్టుకి చెప్పాల్సింది మాత్రం చెప్పేశారు, కోర్టు వాళ్ళే మంచం దగ్గరికి వచ్చి రాసుకున్నారట. ఒక ఇంట్లో తలుపు తీయలేదు. ఒక ఇంట్లో తిట్టారు, నిలబడి విన్నారట. చనిపోయిన ఆ శిష్యుడి ఇంట్లో తల్లి కుర్చీ వేసింది. గంటసేపు ఇద్దరూ మాట్లాడలేదు. ఆమె కాఫీ ఇచ్చింది, తాగారు. తర్వాత వెళ్తానని కూడా అనకుండా లేచి వచ్చేశారట. నాన్నగారు ఎప్పుడూ అంత మర్యాద తప్పి ప్రవర్తించలేదు అంది ఆయన కూతురు. అది మర్యాదేనమ్మా, నేనే చెప్పాను అన్నాను. అప్పుడు ఆ పిల్ల నా ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చింది.

నేను ఎదురు రాకుండా దాక్కున్నాను. అయినా ఆయన పోయారు. మరి ఆ శకునం ఏం కాపాడినట్టు? మా అత్తని అన్నేళ్ళు లోపలికి పంపి నేను ఏం కాపాడుకున్నట్టు? మా ఆయనా పోయాడు కదా. ఆయన అడిగింది ఒక్క మొహం. అది మాత్రం నేను ఇవ్వలేదు.

కాబట్టి సార్, వినండి. మీ మొహం చూడలేక కాదు. నా మొహం మీకు చూపించకూడదని. మీ ప్రయాణం బాగుండాలని. అంత ఆశపడ్డాను కాబట్టే తలుపు వెనక ఉండిపోయాను. ఇందులో మీ తప్పు ఏమీ లేదు. అడగాల్సింది అడగలేదని మీరు అన్నారే, నేనూ అంతే. మీకేం కావాలో ఒక్కసారి అడగలేదు, నాకు తెలిసిన పద్ధతి చేసేశాను.

రేపు పొద్దున ఆయన కూతురు ఈ కాగితాలు తీసుకుని ఆ దేశం వెళ్తోంది. మిగిలిన ఆ రెండిళ్ళకీ తను వెళ్తుందట. తొమ్మిదింటికి ప్రయాణం. ఆంటీ, మీరు బయటికి వస్తారా అని అడిగింది. వస్తానన్నాను. ఈసారి కప్పులో నీళ్ళు నీకు ఇవ్వను కోడలా, నేనే తీసుకెళ్తాను. నేనే ఎదురు వస్తాను. ఆ పిల్లని ముందే అడిగాను, నేను ఇలాంటిదాన్ని, పర్వాలేదా అని. అర్థం కాలేదు దానికి. మీరే రావాలి అంది.

నాకు భయంగానే ఉంది, నిజం చెబుతున్నాను. అది కూడా రాయి.

అయిపోయింది. ఇక చదివి వినిపించు అమ్మాయ్, మొదటి నుంచి. నువ్వు ఏమైనా మెత్తగా మార్చావేమో చూడాలి. బెల్లు మోగిన దగ్గర మాత్రం కాస్త నెమ్మదిగా చదువు.